చెత్త స్థలంలో సైకిల్ పార్కు

ప్రశ్న: మా కాలనీ పక్కన ఏళ్ల తరబడి చెత్త పోస్తున్న ఖాళీ స్థలం ఉందండీ, సైకిల్ ట్రాక్ ఉన్న పార్కు చేద్దామని అందరం అనుకుంటున్నాం, మొక్కలు నాటడంతో మొదలెట్టమంటారా?

జవాబు: ఆగండాగండి! ముందు స్థలం ఎవరిదో కనుక్కుని రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోండి, తర్వాత మట్టి టెస్ట్ చేయించండి, పాత బ్యాటరీలు, పెయింట్లు పడేసుంటే సీసం (లెడ్) అనే విష లోహం ఉండొచ్చు, పిల్లలు ఆడే చోటు కదా. అమెరికాలోని సియాటిల్‌లో పాత గ్యాస్ ప్లాంటు స్థలాన్ని 1975లో పార్కుగా తెరిచారు, అక్కడా మట్టితోనే అసలు తంటా. ట్రాక్ మీద సైకిళ్లు అటూ ఇటూ తిరగాలంటే కనీసం 3 మీటర్ల వెడల్పు పెట్టండి, నడిచేవాళ్లకి వేరే దారి, లేదంటే రోజూ గొడవే. కాస్త వాలు ఇచ్చి వాన నీళ్లు మొక్కల గుంటల్లోకి పోయేలా చూడండి. చెట్లు మాత్రం ట్రాక్ అంచున వద్దు, వేర్లు లేపేస్తాయి. అన్నట్టు సైకిల్ స్టాండు మర్చిపోకండి, చాలామంది మర్చిపోయేది అదే!