బెండ సీడు వేయాలా? కిలో రేటు కన్నా డబ్బు చేతికొచ్చే తేదీ ముఖ్యం

ప్రశ్న: మాది జోగులాంబ గద్వాల జిల్లా. అత్తగారి పేరు మీద రెండున్నర ఎకరాలు, ఒక బోరు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎకరంలో కంపెనీకి విత్తనం కోసం సీడు పత్తి చేస్తున్నాం. పోయినసారి డబ్బులు బాగా ఆలస్యమయ్యాయి. ఇప్పుడు ఒక ఆర్గనైజర్ (కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి) ఎకరం బెండ హైబ్రిడ్ సీడు వేయమంటున్నాడు. క్రాసింగ్ అంటే చేత్తో పుప్పొడి అద్దే పనికి ఎనిమిది మంది కావాలని, మూడు క్వింటాళ్లు వస్తుందని, కిలోకు 700 రూపాయలు ఇస్తారని, ఖర్చులు పోను 72,000 మిగులుతుందని లెక్క రాసిచ్చాడు. పెట్టుబడికి లక్ష రూపాయలు నూటికి 2 రూపాయల వడ్డీకి తనే ఇస్తాడట. మమ్మల్ని రాణిబెన్నూరు తీసుకెళ్లి నెట్‌హౌస్‌లలో టమాటా, మిర్చి సీడు కూడా చూపించాడు. పది గుంటల్లో నెట్‌హౌస్‌కు 7 లక్షలవుతుందని, సగం సబ్సిడీ వస్తుందని అంటున్నాడు. మాకు 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంటి ఖర్చు నెలకు 18,000. పాప పదో తరగతి చదువుతోంది, పొద్దున పూట క్రాసింగ్‌కు సాయం వస్తానంటోంది. ఎఫ్‌డీ తీసేసి ఈ పనిలో దిగొచ్చా?

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. బెండ సీడు వేయండి, కానీ అరెకరమే. ఆర్గనైజర్ ఇస్తానన్న లక్ష వద్దు. నెట్‌హౌస్ ఈ ఏడాది వద్దు. ఎఫ్‌డీ కదపొద్దు. ఎందుకో లెక్కతో చెబుతాను.

ఆయన రాసిచ్చిన కాగితం చూశాను. ఆరుగురు కూలీలు, 40 రోజులు, రోజుకు 400 చొప్పున 96,000. దున్నకం, ఎరువులు, మందులు, కోత, నూర్పిడి కలిపి 42,000. మొత్తం 1,38,000. మూడు క్వింటాళ్లకు 2,10,000 వస్తే 72,000 మిగులు. కూడికలో తప్పులేదు. కానీ ఎకరం క్రాసింగ్‌కు ఎనిమిది మంది కావాలని ఆయనే చెప్పాడు కదా, మిగిలిన ఇద్దరు ఎవరు? మీరూ మీ ఆయనా. మీ ఇద్దరి 40 రోజుల కూలీ 32,000 ఆ కాగితంలో లేదు. అదే 40 రోజులు వేరే వాళ్ల చేలో క్రాసింగ్‌కు వెళ్తే ఆ డబ్బు సాయంత్రానికి చేతిలో పడుతుంది. దాన్ని ఖర్చులో వేస్తే మిగులు 40,000. ఇక లక్షకు నూటికి 2 రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పెట్టుబడి పెట్టిన రోజు నుంచి ఆఖరి పేమెంట్ దాకా పది నెలలు పడితే 20,000 పోతుంది. మీకు నికరంగా మిగిలేది 20,000.

ఇదే లెక్కను కిలోల్లో చూడండి. ఖర్చు, మీ కూలీ, వడ్డీ అన్నీ కలిపి 1,90,000. కిలో 700 చొప్పున అది రాబట్టడానికే 271 కిలోలు కావాలి. ఆయన చెప్పిన 300 కిలోల్లో తాలు గింజలు, నొక్కు గింజలు గ్రేడింగ్‌లో ఐదు శాతం పోయినా 285 మిగులుతుంది. అంటే ఎకరం మీద మీకున్న వెసులుబాటు 14 కిలోలు. తెల్లదోమ వాలి పల్లాకు తెగులు తగిలితే ఆ 14 కిలోలు ఒక వారం కూడా నిలబడవు.

ఇంతవరకూ చెప్పింది పంట బాగా వచ్చి, జీవోటీ అనే విత్తన స్వచ్ఛత పరీక్ష పాసైతే. మీరు సీడు పత్తి చేసినవాళ్లు, జీవోటీ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కంపెనీ మీ లాట్‌లోంచి గింజలు తీసి నాటి, మొక్కలు పెరిగాక తేడా మొక్కలు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. అందుకే ఫలితం రావడానికి నెలలు పడుతుంది, అందుకే ఆఖరి డబ్బు అంత ఆలస్యం. ఫెయిలైన బెండ సీడుకు బయట మార్కెట్ లేదు. ముదిరిన కాయ కూరకు పనికిరాదు, హైబ్రిడ్ అని అమ్మడానికి వీల్లేదు. ఎకరం వేసి అప్పు తీసుకున్నాక ఫెయిలైతే చేతి నుంచి పోయేది 1,58,000. మీ ఎఫ్‌డీలో సగానికి పైమాటే. వానలు, వడగళ్ల లాంటి నష్టాలకే పంట బీమా. స్వచ్ఛత పరీక్షలో పోయినదానికి దాని మీద ఆశ పెట్టుకోకండి.

మరి వేయమని ఎందుకంటున్నాను? మీ చేతుల్లో పని ఉంది కాబట్టి. బెండా పత్తీ ఒకే కుటుంబం మొక్కలు, పువ్వు కట్టుబడి దాదాపు ఒకటే. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈరోజు సాయంత్రం పట్టుకుని, కీలాగ్రానికి గీత పడకుండా చుట్టూ ఉన్న కేసరాల గొట్టాన్ని ఒలిచి, ఎర్ర దారమో కవరో కట్టడం, మర్నాడు ఎనిమిది నుంచి పదకొండు లోపు మగ పువ్వు రేకులు వెనక్కి మడిచి పుప్పొడి అద్దడం, ఇవన్నీ మీకు వచ్చిన పనులే. కొత్తగా దిగే కుటుంబానికి రెండు సీజన్లు పట్టే నేర్పు మీ దగ్గర ముందే ఉంది. ఆర్గనైజర్ మీ ఇంటికి వచ్చింది కూడా అందుకే. రేటు మాట్లాడేటప్పుడు ఆ సంగతి మర్చిపోకండి.

స్వచ్ఛత ఎక్కడ దెబ్బతింటుందో కూడా మీకు తెలుసు. మొదటి వారంలో ఎవరూ తప్పు చేయరు. ముప్పయ్యో రోజు, నడుములు పడిపోయినప్పుడు, ఆకు చాటున నాలుగు మొగ్గలు చూపు తప్పిపోతాయి. తెల్లారేసరికి అవి పసుపుగా విచ్చుకుని తమ పుప్పొడితోనే కాయ కట్టేస్తాయి. దారం లేని ఆ పువ్వుల్ని క్రాసింగ్ మొదలయ్యేలోపు గిల్లేయడానికే ఒక మనిషిని పెట్టండి. మీ చేలో కళ్లు చురుగ్గా ఉండే ఆవిడ ఎవరో మీకే తెలుస్తుంది. పూట కూలీ 200 చొప్పున 40 రోజులకు 8,000. ఈ మొత్తం పథకంలో నేను బేరమాడొద్దనే ఖర్చు ఇదొక్కటే. అలాగే మొగ్గకింత అని గుత్త కూలీ ఇవ్వకండి, రోజు కూలీయే ఇవ్వండి. తొందర పెరిగితే తప్పులు పెరుగుతాయి. విత్తన ధ్రువీకరణ నిబంధనల ప్రకారం చుట్టూ 200 మీటర్ల లోపు వేరే బెండ ఉండకూడదు. పక్క చేను గట్టు మీద కూరకని వేసుకున్న నాలుగు మొక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. విత్తే ముందే ఇరుగుపొరుగుతో మాట్లాడుకోండి.

అరెకరం లెక్క ఇదీ. మీ ఇద్దరికి తోడు ఇద్దరు కూలీలకు 32,000, పువ్వులు గిల్లే ఆవిడకు 8,000, మిగతా ఖర్చులు 21,000, మొత్తం 61,000. ఒకటిన్నర క్వింటా వస్తే 1,05,000. బ్యాంకు వడ్డీ రెండు వేలు పోను దాదాపు 42,000 మిగులుతుంది. అందులో 32,000 మీ ఇద్దరి కూలీ, అసలు లాభం పది వేలే. చిన్న మొత్తమని తెలిసే చెబుతున్నాను. కానీ 90 కిలోలు వచ్చినా చేతి డబ్బు వెనక్కి వస్తుంది. ఫెయిలైనా 63,000తో పోతుంది, ఇల్లు కదలదు. పాసైతే మీ పేరు మీద ఒక జీవోటీ రిజల్ట్ ఉంటుంది. వచ్చే ఏడాది దాన్ని చూపించి ఎకరానికి మంచి రేటు అడగొచ్చు, వేరే కంపెనీతోనైనా మాట్లాడొచ్చు.

ఇంకో మాట. ఈ అరెకరాన్ని సీడు పత్తిలోంచి తగ్గించి వేయండి, దానికి అదనంగా కాదు. వానాకాలంలో రెండింటి క్రాసింగ్ ఒకే నెలల్లో వస్తుంది. మనుషులు అటూ ఇటూ చీలితే రెండు లాట్లూ పాడవుతాయి.

పెట్టుబడి సంగతి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువు లోపల కడితే 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. పట్టా అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి ఆమెను కలుపుకుని దరఖాస్తు చేయండి. ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పివ్వాలో జిల్లాల వారీగా నిర్ణయిస్తారు, విత్తన పంటలకు విడిగా ఎంత ఉందో మేనేజర్‌ను అడగండి. ఎఫ్‌డీ ఉండగా అప్పెందుకు అనిపించొచ్చు. చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ మీద మీకొచ్చే వడ్డీ ఆ 4 శాతం కంటే ఎక్కువే. కానీ కంపెనీ డబ్బు ఆలస్యమై కార్డు గడువు దాటితే ఆ 3 శాతం రాయితీ పోతుంది. అలాంటి పరిస్థితి వస్తే ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని కార్డు కట్టేయండి, కంపెనీ డబ్బు వచ్చాక సర్దుకోవచ్చు.

ఆ 3 లక్షల్లో మీరు రిస్క్ పెట్టగలిగేది అంతా కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,08,000 ముట్టకూడదు. పాప ఇంటర్‌లో చేరేటప్పటికి ఫీజులు, పుస్తకాలు, బస్ పాస్ కలిపి 60,000 పక్కన పెట్టండి. మిగిలేది 1,32,000. అరెకరం నష్టం అందులో ఇముడుతుంది, ఎకరం నష్టం ఇమడదు.

నెట్‌హౌస్ మాటకొస్తే, రాణిబెన్నూరులో మీరు చూసింది నిజమే. హావేరి జిల్లాలోని ఆ ప్రాంతం కూరగాయల హైబ్రిడ్ విత్తనాలకు దేశంలోనే పేరున్నది. టమాటా మొగ్గను పట్టకారుతో విప్పే నేర్పున్న ఆడవాళ్లు అక్కడ ఊరూరా దొరుకుతారు. మీ ఊళ్లో ఆ పనికి మనుషులు ఎక్కడున్నారు? పైగా సబ్సిడీ ముందు రాదు. కట్టి, అధికారులు చూసి వెళ్లాకే వస్తుంది, అప్పటిదాకా 7 లక్షల భారం మీదే. సగం సబ్సిడీ వచ్చాక కూడా మూడున్నర లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా నెలకు 7,600 పడుతుంది. సీడు డబ్బు ఏడాదికోసారి, అదీ ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తుంటే, నెలనెలా వాయిదా ఎక్కడినుంచి కడతారు? రెండు మూడు బెండ లాట్లు పాసై, డబ్బులు తేదీకి వచ్చాక అప్పుడు ఆలోచించండి.

ఒప్పందం విషయంలో మాత్రం మొహమాటపడకండి. 2025లో మీ జిల్లాలోనే పంట మధ్యలో ఎకరానికి ఇంతే కొంటామన్న మాట వచ్చి సీడు పత్తి రైతులు రోడ్డెక్కారు. అదే ఏడాది ములుగు జిల్లాలో విత్తన మొక్కజొన్న రైతులు పరిహారం కోసం పోరాడాల్సి వచ్చింది. మీ కాగితం మీద కంపెనీ పేరు, సంతకం ఉండాలి, ఆర్గనైజర్‌ది ఒక్కటే చాలదు. పండినదంతా కొంటారా, పరిమితి ఉందా? సీడు అప్పజెప్పిన రోజు ఎంత, జీవోటీ తర్వాత ఎంత, ఏ తేదీ లోపు? జీవోటీకి ఎంత శాతం స్వచ్ఛత కావాలి? ఫలితం కాగితం మీకిస్తారా, మీ ముందు సీల్ చేసిన శాంపిల్ ఒకటి మీ దగ్గర ఉంచుతారా? ఫెయిలైతే కిలోకు ఎంత? ఆర్గనైజర్లు అనే “జీవోటీ వచ్చాక చూసుకుందాం” అనే మాటకు ఒప్పందంలో చోటుండకూడదు. ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు ఎవరు అడిగినా ఇవ్వొద్దు. డబ్బంతా బ్యాంకు ఖాతాలోకే రావాలి.

కంపెనీ ఇచ్చిన ఆడ, మగ విత్తనాల ప్యాకెట్లు, లాట్ నంబర్ ఉన్న చీటీలు, తూకం రశీదులు పారేయకండి. ఇచ్చిన విత్తనంలోనే కల్తీ ఉంటే తప్పు మీది కాదని చూపించడానికి అవే ఆధారం. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, విత్తనోత్పత్తి ఒప్పందం చేసుకున్న రైతు కూడా వినియోగదారుడేనని, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (తగాదా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న) షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని తేల్చింది. ఆ కేసు గెలిచింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే.

పాప గురించి. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. మీ కూలీల వెంట వచ్చే పిల్లల విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. మీ అమ్మాయికి ఆ వయసు దాటి ఉండొచ్చు. కానీ పుప్పొడి అద్దే ఎనిమిది నుంచి పదకొండు గంటల సమయం సరిగ్గా బడి సమయం, అదీ పదో తరగతి ఏడాది. రెండు చేతులు తక్కువైతే ఇంకో కూలీ మనిషికి 16,000 అవుతుంది. ఆ డబ్బు పెట్టండి, లేదా వేసే గుంటలు తగ్గించుకోండి. పాపను మాత్రం బడికే పంపండి.

పన్ను గురించి టెన్షన్ పడక్కర్లేదు. మీ పొలంలో మీరు పండించిన విత్తనం మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే, దానికి ఆదాయపు పన్ను లేదు. మీ ఆయనకో మీకో వేరే ఆదాయం పన్ను పరిమితి దాటితేనే రేటు లెక్కకట్టడానికి దీన్ని కలుపుతారు. ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని, విత్తడానికి కనీసం నెల ముందే అత్తగారిని తీసుకుని, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లడం. కార్డు చేతికొచ్చాకే ఆర్గనైజర్‌తో రేటు మాట్లాడండి.