పెళ్ళికొడుకు గదిలో కెమెరా పట్టుకునే ముందు

అల్లుడూ,

ఆదివారం కొంపల్లి పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు ఫొటోలకి నిన్నొక్కడినే వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అమ్మాయి దగ్గర సీనియర్లు ఉంటారట, వీడినేమో పెళ్ళికొడుకు గదికి పంపుతున్నారట" అని కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. నువ్వు మాత్రం అలా అనుకోకు. నేను ఫిల్మ్ రీళ్ళ కాలం నుంచి ఈ సిటీలో పెళ్ళిళ్ళు తీస్తున్నాను, నాకు బాగా నచ్చిన ఫొటోల్లో సగం పెళ్ళికొడుకు గదిలో తీసినవే. అక్కడేముంది, పది నిమిషాల పని అనుకునేవాళ్ళందరూ ఆల్బమ్‌లో ఆ పేజీలను ఒకేలా నింపేస్తారు. వాచీ పెట్టుకుంటున్నట్టు ఒకటి, గుండీ పెట్టుకుంటున్నట్టు ఒకటి, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ఒకటి. అవీ తియ్యి, వాళ్ళే ఫోన్‌లో చూపించి అడుగుతారు. కానీ అతన్ని పెళ్ళికొడుకుని చేసేది చుట్టూ ఉన్నవాళ్ళు. నలుగు పెట్టే మేనత్త, పంచె కట్టే నాన్న, బొట్టు దిద్దే అమ్మ. నీ కన్ను వాళ్ళ చేతుల మీద ఉండాలి.

ముహూర్తం 10 గంటల 42 నిమిషాలకు అన్నావట. జీలకర్ర బెల్లం ఆ నిమిషానికి పడాలి. దానికి ముందు గణపతి పూజ, స్నాతకం, కాశీయాత్ర ఉంటాయి కాబట్టి పంతులుగారు ఎనిమిదింటి నుంచే తొందర పెడతారు. అలా వెనక్కి లెక్కేసుకుంటే మంగళస్నానం ఆరింటికి, నువ్వు ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి, వాళ్ళు ఏడింటికి రమ్మన్నా సరే. ముందు రోజే పెళ్ళికొడుకు అమ్మగారికి ఫోన్ చేసి, స్నానం ఇంట్లోనా హాల్లోనా, మేనమామ బట్టలు ఎప్పుడు పెడతారు, బాసికం గదిలో కడతారా మండపంలోనా అని అడుగు. నీకు తెలిసిన పద్ధతే వాళ్ళదీ అనుకోవద్దు. తెలంగాణ ఇళ్ళల్లో పెళ్ళికి ముందు మైలపోలు తీసే తంతు ఉంటుంది, కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవాళ్ళ వరస వేరు, రేపు పాతబస్తీలో నికాహ్‌కి వెళ్తే షేర్వానీ, మొహం మీద వేలాడే పూల సెహ్రా, అదింకో లోకం. అడిగితే ఎవరూ తప్పు పట్టరు, ఆచారం మీద గౌరవం ఉన్న కుర్రాడని సంతోషిస్తారు.

ఇక వెలుతురు. ఫంక్షన్ హాల్లో మగపెళ్ళివారికిచ్చే గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. గులాబీ రంగో ఆకుపచ్చ రంగో గోడలు, పైన తెల్లటి ట్యూబ్‌లైటు, అద్దం పక్కన పసుపు బల్బు, మంచం నిండా సూట్‌కేసులు, బిస్లరీ సీసాలు. రెండు రంగుల వెలుతురు ఒకే మొహం మీద పడితే తర్వాత నువ్వు సిస్టమ్ ముందు ఎంతసేపు కూర్చున్నా చర్మం రంగు సరిగ్గా రాదు. కిటికీ ఉంటే పరదా తీసి, లైట్లన్నీ ఆర్పేసి, అతన్ని కిటికీకి పక్కగా నిలబెట్టు. కిటికీ లేకపోతే తలుపు తీసి గుమ్మం దగ్గరికి తీసుకురా, వరండా వెలుతురు చాలు. గోడకు మాత్రం ఆనించకు, ఆ గోడ రంగు తెల్ల పంచె మీదా బుగ్గ మీదా పడుతుంది. లైట్లు వేయక తప్పకపోతే షటర్ స్పీడు 1/100 సెకను దగ్గర పెట్టుకో. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, అంతకంటే స్పీడు పెంచితే ఫొటోలో అడ్డంగా చారలు వచ్చే ప్రమాదం ఉంది. తెల్ల పట్టుపంచె ఫ్రేమ్ నిండా ఉన్నప్పుడు కెమెరా మోసపోయి మొత్తం మసక చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచుకో, కానీ జరీ అంచు తెల్లగా పేలిపోకుండా చూసుకో. రా (RAW) ఫార్మాట్‌లోనే తియ్యి, రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టొచ్చు, పది నిమిషాల ముందే ఒక కెమెరా బాడీ వరండాలో మనవాళ్ళెవరి చేతికైనా ఇచ్చి ఉంచు. వీడియో అతనితో పొద్దున్నే టీ తాగుతూ మాట్లాడుకో, అతని లైటు ఎటు పెడతాడో తెలిస్తే సగం తలనొప్పి ఉండదు.

పంచె కట్టే ఘట్టం తొందరపడి వదిలెయ్యకు. అబ్బాయి రోజూ జీన్స్‌తో హైటెక్ సిటీకి వెళ్ళేవాడు, కట్టుకోవడం రాదు, కుచ్చిళ్ళు జారిపోతుంటే వాళ్ళ నాన్న మోకాళ్ళ మీద కూర్చుని సర్దుతాడు, బాబాయి వెనక నుంచి గోచీ దోపుతూ ఊపిరి బిగబట్టమంటాడు. వెల్‌క్రో పంచె తెచ్చుకున్నా సరే, పైన కండువా వేసేది నాన్నే. నువ్వు కూడా కింద కూర్చో, ఆయన కళ్ళ ఎత్తుకు కెమెరా దించు, "ఇటు చూడండి సార్" అనకు. కట్టడం మొదలయ్యేదాకా కెమెరా కిందికి దించి ఉంచు. బట్టలు సరిగ్గా లేనప్పుడు తీసింది ఒక్కటి కూడా కార్డులో ఉండకూడదు. తడి బట్టలతో స్నానం ఫొటోలు వాళ్ళని అడగకుండా ఎక్కడా పెట్టకు.

నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉన్నది ఒకటి చెప్తాను. సికింద్రాబాద్‌లో ఒక పెళ్ళి. వాళ్ళమ్మ కొడుకు బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టింది, అది తీశాను. పెట్టాక వేలికి మిగిలిన కాటుకను తన జుట్టుకే తుడుచుకుని, అదే చేతి వెనక వైపుతో అతని గడ్డం ఒక్కసారి తాకింది. ఆ తాకడం చిన్నప్పుడు బడికి పంపేటప్పటిదే అయ్యుంటుంది, అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. నేనప్పుడు 35 ఎం.ఎం. లెన్స్ తీసి 85 బిగిస్తున్నాను. మళ్ళీ ఒకసారి పెట్టండమ్మా అని అడిగాను, పెట్టింది, నవ్వుతూ నా వైపు చూస్తూ పెట్టింది. ఆ ఫొటో ఆల్బమ్‌లో ఉంది, నేను మాత్రం ఆ పేజీ చూడలేను. అందుకే రెండు బాడీలు మెడలో వేసుకో, ఒకదానికి 35, ఒకదానికి 85, గదిలో ఉన్నంతసేపూ లెన్స్ మార్చకు. పని అయిపోయిందనిపించాక ఇంకో ఐదు సెకన్లు కన్ను తీయకు.

బంగారం నీ చేత్తో ముట్టుకోకు. ఉంగరం, గొలుసు, బాసికం కలిపి ఒక ఫొటో కావాలంటే వాళ్ళింటి మనిషినే పక్కన నిలబెట్టి, వాళ్ళ చేతే పట్టు కండువా మీద పెట్టించి, తీయగానే వాళ్ళకే అప్పగించు. ఒకసారి ఉంగరం దుప్పటి మడతల్లో జారిపోయి, దొరికే వరకు అరగంట సేపు గదిలో అందరి చూపూ నా అసిస్టెంట్ కుర్రాడి మీదే. వాడి మొహం నేను మర్చిపోలేదు.

ఇంకో సంగతి, చాలా ఇళ్ళల్లో ముహూర్తం అయ్యేదాకా పెళ్ళికొడుకు ఏమీ తినడు. ఎనిమిదింటికే నీరసం, టెన్షన్, ఫోన్లు. వరసగా పోజులు పెట్టించకు, మధ్యలో కూర్చోబెట్టు, పాలో కొబ్బరినీళ్ళో తాగొచ్చేమో వాళ్ళమ్మని అడుగు. నువ్వు అతని కోసం ఉన్నావని తెలిస్తే భుజాలు వాటంతట అవే దిగుతాయి.

నా 85 మీ అమ్మ దగ్గర ఇచ్చాను, వెనక మూత కొంచెం వదులు, సంచిలో పెట్టేటప్పుడు చూసుకో. శనివారం రాత్రే బ్యాటరీలన్నీ ఛార్జింగ్ పెట్టు. ఉప్పల్ నుంచి నాలుగున్నరకల్లా బయల్దేరు.

మీ మామయ్య