మీ నాన్నగారి చేతి పట్టు

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక వెంటనే జవాబు రాయబుద్ధి కాలేదు. కన్నతండ్రి గురించి ఒక బిడ్డ రాసుకున్న కాగితాలు చేతిలో ఉన్నప్పుడు వాక్యాల బాగోగులు మాట్లాడటానికి నోరు రాదు. కానీ నువ్వు ఓదార్పు అడగలేదు, "ఇది నిలబడుతుందా?" అని అడిగావు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు మీ నాన్నగారి హంటింగ్టన్ జబ్బే, మెదడును దెబ్బతీసి ఒంటిని అదుపు తప్పించే, వంశంలో నడిచే ఆ జబ్బే. నడక ఎప్పుడు తూలింది, మాట ఎప్పుడు ముద్దయింది, ఎంత తిన్నా ఎలా చిక్కిపోయారు, మింగడం ఎప్పుడు కష్టమైంది, అన్నీ వరసగా ఉన్నాయి. ఆస్పత్రి ఫైలు చదివినట్టుంది. మిగతా మూడు పేజీల్లో మీ నాన్నగారు దేవుడైపోయారు. ఫైలుకీ గోడ మీది పటానికీ నడుమ ఉండాల్సిన మనిషి కోసం వెతుక్కున్నాను. ఏడో పేజీలో దొరికారు.

"రోడ్డు దాటేటప్పుడు నాన్న నా చేతిని నొక్కి వదిలేవాడు, మళ్లీ నొక్కి వదిలేవాడు. అది మా ఇద్దరి రహస్య సంకేతం అనుకునేదాన్ని" అని రాసి, ఆ వెంటనే మందుల్లోకి వెళ్లిపోయావు. అక్కడ ఆగు. హంటింగ్టన్ జబ్బులో పట్టు నిలకడగా ఉండదు. వేళ్లు వాటంతట అవే బిగుస్తాయి, సడలుతాయి. పాలు పితికే చేతితో పోల్చి డాక్టర్లు దానికో పేరు కూడా పెట్టుకున్నారు. అంటే నీకు ఎనిమిదేళ్లప్పుడే ఆ జబ్బు నీ అరచేతిలో కదిలింది. నువ్వు దాన్ని ప్రేమ అని చదువుకున్నావు. అసలు సంగతి తెలిశాక ఆ సంకేతం అబద్ధమైపోయిందా? నాకైతే అలా అనిపించలేదు. వేళ్లు మాట వినకపోయినా ఆయన నీ చెయ్యి వదల్లేదు కదా. ఈ మాట నేనన్నాను గానీ నువ్వు వ్యాసంలో అనకు. చేతిని చూపించు, చాలు. అరచెయ్యి గరుకుగా ఉండేదా? ఏ వేలు ముందు బిగిసేది? రోడ్డు దాటేశాక కూడా పట్టుకునే ఉండేవారా? ఇవి గుర్తు తెచ్చుకోవడానికి ఒక వారం పట్టినా పట్టనీ.

ఈ జబ్బును 1872లో వివరంగా రాసిన జార్జ్ హంటింగ్టన్‌కు అప్పటికి 22 ఏళ్లు. ఆయన తండ్రీ తాతా ఇద్దరూ అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో డాక్టర్లే. అవే కుటుంబాలను తరాల తరబడి చూస్తూ వచ్చారు కాబట్టే జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగడం పట్టుకోగలిగారు. చిన్నప్పుడు తండ్రితో బండిలో వెళ్తుంటే దారిలో ఒక తల్లీ కూతుళ్లు ఒళ్లు మెలికలు తిరుగుతూ ఎదురుపడ్డారట. ఆ దృశ్యం ముసలితనంలోనూ ఆయన మరిచిపోలేదు. కానీ ఆ తల్లి కూతురితో ఏం మాట్లాడుతూ నడిచిందో బండిలో కూర్చున్నవాళ్లకు ఏం తెలుస్తుంది? అది ఇంటివాళ్లే చెప్పాలి. నువ్వు ఆ ఇంటి మనిషివి. డాక్టర్లు రాయగలిగింది వాళ్లు రాసేశారు.

రెండు చోట్ల "మా వంశానికి తగిలిన శాపం" అన్నావు. తీసెయ్యి. శాపం అనగానే ఎవరో ఎక్కడో పాపం చేశారన్న అర్థం వెంటబడి వస్తుంది. ఉన్నదేమిటంటే, నాలుగో క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో సి.ఎ.జి. అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఉండాల్సినదానికంటే ఎక్కువసార్లు తిరిగి తిరిగి వస్తుంది. అది 40 సార్లు, ఆపైన ఉంటే నిండు జీవితం బతికినవాళ్లకు జబ్బు రాక తప్పదు. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఒక తరాన్ని వదిలి మనవల మీద పడుతుందని రాశావు, అదీ పొరపాటే. ఆ జన్యువు రాని బిడ్డ దగ్గర ఆ దారం తెగిపోతుంది. మీ తాతగారి నడక చూసి ఊళ్లోవాళ్లు తాగుబోతు అన్నారని నువ్వే బాధపడ్డావు. ఆ నిందను తుడుస్తూ ఇంకో నింద అంటించకూడదు.

ఇంకొకటి. "తెలిసి కూడా మమ్మల్ని ఎందుకు కన్నాడు?" అన్న ప్రశ్న నీ వ్యాసంలో పైకి కనబడకుండా మూలుగుతూనే ఉంది. ఒక కాగితం తీసుకుని, ఆయనకు ఏది ఎప్పుడు తెలిసిందో ఏళ్ల వారీగా వేసుకో. జన్యువు ఉన్న చోటు స్థూలంగా తెలిసింది 1983లో, జన్యువు చేతికి చిక్కింది 1993లో. అప్పటికి నీకు మూడేళ్లు. మామూలుగా ఈ జబ్బు ముప్పైకీ యాభైకీ మధ్య బయటపడుతుంది. అప్పటికి పెళ్లి, పిల్లలు అన్నీ అయిపోయి ఉంటాయి. ఈ రోజు నీకు తెలిసినదాన్ని ఆ రోజు ఆయనకు తెలుసన్నట్టు రాయడం అన్యాయం. కాగితం వేశాక కూడా ప్రశ్న మిగిలితే అప్పుడు పైకే అడుగు.

ఆయన కోపం గురించి కూడా. మంచితనమంతా నాన్నది, కోపమంతా జబ్బుది అని పంచేశావు. ఈ జబ్బు స్వభావాన్ని మారుస్తుంది, నిజమే. అయినా ఆయనకంటూ సొంత కోపం ఉండి ఉంటుంది, దాన్ని ఆయనకే వదిలెయ్యి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. చాలా ఏళ్ల కిందట మా మేనమామ మీద ఒక వ్యాసం రాశాను. ఆయనదీ వంశంలో నడిచే జబ్బే. అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ఆయన కూతురు ఫోన్ చేసింది. "నేను పరీక్ష చేయించుకోలేదు బావా. తెలుసుకోకూడదనుకున్నాను. చదివినవాళ్లందరూ ఇప్పుడు నా చేతుల వంకే చూస్తున్నారు" అంది. నా దగ్గర జవాబు లేదు, ఈనాటికీ లేదు. పోయినవారి గురించి రాస్తున్నాననుకున్నాను గానీ బతికున్న ఆమె గుట్టు విప్పేశానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

అందుకే మీ అత్తయ్యకూ, మీ తమ్ముడికీ అచ్చుకంటే ముందు చదివి వినిపించు. వాళ్లు వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్యి. ఇక నీ సంగతి: పరీక్ష చేయించుకున్నావో లేదో నేను అడగను, పాఠకులకూ చెప్పనక్కర్లేదు. ఎప్పుడైనా చేయించుకోవాలనిపిస్తే జన్యు సలహాదారుతో తీరిగ్గా మాట్లాడాకే చేయించుకో. వ్యాసానికి ముగింపు కోసం మాత్రం ఆ పని చెయ్యకు తల్లీ.

మొన్న ఫోన్‌లో ఒక మాట చెప్పావు. మీ అమ్మగారు ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే ఆయన కదలకుండా నిలబడలేక, ఈల వేస్తూ ఆ కదలికను పాటకు తగ్గట్టు ఊపేవారని. అది వ్యాసంలో లేనే లేదు! ఏ పాటో అమ్మనడిగి తెలుసుకో. ఆవిడ చెప్పేటప్పుడు రాసుకోకుండా ఊరికే విను.

తిరగరాశాక పంపించు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి