వంటలో పసుపు సరే, క్యాప్సూల్ ఆపండి

ప్రశ్న: నా వయసు 54. ఆరేళ్లుగా షుగర్, ఆ తర్వాత బీపీ వచ్చాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. రెండు నెలలుగా పరగడుపున మెంతులు నానబెట్టిన నీళ్లు తాగుతున్నాను. రోజూ చెంచాడు దాల్చినచెక్క పొడి కూడా తీసుకుంటున్నాను. అమెరికా నుంచి మా అమ్మాయి మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ పంపింది. ఇవన్నీ వాడుతూ మాత్రలు తగ్గించుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాత్రలు మీ అంతట మీరు తగ్గించుకోవద్దమ్మా. ఆపాల్సింది ఆ క్యాప్సూల్స్‌ని. కూరలో వేసే పసుపు మానక్కర్లేదు.

పసుపులో అసలు పనిచేసే పదార్థం కర్క్యుమిన్, అది ఉండేది సుమారు మూడు శాతమే. అందులోనూ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే క్యాప్సూల్స్‌లో కర్క్యుమిన్‌ను గాఢంగా నింపి, మిరియాల్లోని పైపెరిన్‌ను జోడిస్తారు. పైపెరిన్ తోడైతే కర్క్యుమిన్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లోనే చూపించారు. చిక్కంతా అక్కడే ఉంది. ఇలాంటి క్యాప్సూల్స్ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో బయటపడ్డాయి. చారులో పడే చిటికెడు పసుపు, నాలుగు మిరియాలతో ఆ భయం లేదు.

మెంతుల సంగతి వేరు. షుగర్ మీద వాటి ప్రభావాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో పరీక్షించింది. ఫలితం కనిపించింది కానీ, అక్కడ ఇచ్చింది రోజుకు 25 గ్రాములు, అంతకుమించి కూడా. పనిచేసేది గింజలోని జిగురు పీచు. నీళ్లు తాగి గింజలు పారబోస్తే మిగిలేది చేదే! గింజలు కూడా నమిలి తినండి, ఒక చెంచాతో మొదలుపెట్టండి. మీరు వాడే గ్లిమెపిరైడ్ షుగర్‌ను మరీ తగ్గించేయగలదు కాబట్టి ఒక జాగ్రత్త: చెమటలు, చేతుల వణుకు, ఉన్నట్టుండి ఆకలి వేస్తే వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, మీ డాక్టర్‌కు చెప్పండి.

దాల్చినచెక్క రోజూ చెంచాడు వద్దు. మన కిరాణా కొట్లలో దొరికేది చాలావరకు కాసియా రకం. మందంగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది. అందులోని కూమరిన్ అనే పదార్థం మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. శ్రీలంక రకం పలుచటి పొరలతో ఉంటుంది, వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. బిర్యానీలోనో, మసాలాలోనో వేసే ముక్కకు ఏ రకమైనా ఫర్వాలేదు.

మరి మసాలా దినుసులతో లాభమే లేదా అంటే, ఉంది. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు గుండెజబ్బు ముప్పు ఉన్నవారికి నాలుగు వారాల పాటు రోజుకు 6.6 గ్రాముల దినుసులు, ఆకులు వంటలో కలిపి పెట్టారు. బీపీ కొంత తగ్గింది. మన వంటింట్లో ఆ మోతాదు పెద్ద కష్టమేమీ కాదు. నన్నడిగితే అసలు లాభం ఇంకోచోట ఉంది: రుచి దినుసుల నుంచి వస్తే ఉప్పు తగ్గించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు. ఆవకాయ, అప్పడం రోజూ ఉన్న భోజనంలో అది ఎప్పుడో దాటిపోతుంది. పప్పులో ఉప్పు కాస్త తగ్గించి జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టండి. చివర్లో నిమ్మరసం పిండితే ఉప్పు తక్కువైన సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. అయితే పోపు పేరుతో నూనె గుమ్మరించకండి. కరివేపాకు ఏరి పక్కన పెట్టే అలవాటుంటే మానేయండి, కొత్తిమీర, పుదీనా ధారాళంగా వేసుకోండి.

ఈ వారంలోనే కాలేయ పరీక్ష చేయించుకోండి, ఎల్‌ఎఫ్‌టీ అంటే ల్యాబ్ వాళ్లకు తెలుస్తుంది. విపరీతమైన నీరసం, వాంతులు, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్ డబ్బా వెంట తీసుకెళ్లండి.