గ్యాస్ గీజర్ వెలిగి ఆరిపోతుంటే, ఎన్ని సెకన్లకి ఆరుతోందో ముందు లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇది: 6 లీటర్ల ఇన్‌స్టంట్ గ్యాస్ గీజర్, కొని మూడేళ్లు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ పై అంతస్తు, బోరు నీళ్లు. నల్లా తిప్పగానే టిక్ టిక్ అంటుంది, మంట వస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది. చూసిన మెకానిక్ పల్స్ బాక్సు (రవ్వనీ గ్యాస్‌నీ నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, సెట్ మొత్తం మార్చాలన్నాడు. మార్చాలా?

ఇప్పుడే వద్దు. రవ్వ వస్తోంది, గ్యాస్ తెరుచుకుంటోంది, మంట అంటుకుంటోంది. అంటే బాక్సు చేయాల్సిన పనిలో చాలావరకు చేస్తూనే ఉంది. మిగిలిన కాస్త ఎలా పరీక్షించాలో చివర్లో చెప్తాను. ముందు "కాసేపటికి" అంటే ఎన్ని సెకన్లో గడియారం పెట్టి చూడండి. జబ్బు ఎక్కడుందో ఆ అంకె చెప్తుంది.

గీజర్ పనిచేసే వరస ఇది. నల్లా తిప్పగానే నీళ్లు వాటర్ వాల్వ్ గుండా పారతాయి. ఆ పారుదలకి లోపలి రబ్బరు డయాఫ్రమ్ ఒక పక్కకి ఉబ్బి చిన్న సూదిని తోస్తుంది. సూది మైక్రో స్విచ్‌ని కదిలిస్తుంది. అప్పుడు పల్స్ బాక్సుకి సెల్లులోంచి కరెంటు అంది, ఒక పిన్ను దగ్గర రవ్వలు రాలుతాయి, సోలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో తెరుచుకునే గ్యాస్ వాల్వ్, తెరుచుకుని గ్యాస్ వస్తుంది. మంట అంటుకున్నాక పక్కనున్న రెండో పిన్ను, అంటే సెన్సర్, మంట ఉందని బాక్సుకి కబురు పంపుతుంది. కబురు అందకపోతే బాక్సు గ్యాస్ కట్టేస్తుంది. నీళ్లు, స్విచ్, రవ్వ, గ్యాస్, మంట, కబురు. ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోవడమే మన పని.

5 నుంచి 10 సెకన్లలో ఆరిపోతుంటే కబురు అందట్లేదు. ముందు సెల్లు మార్చండి. పెద్ద టార్చిలైట్లలో వేసే లావు సెల్లు రెండు, ఒక్కోటి 1.5 వోల్టులు. కొత్త జత 3 వోల్టుల పైన చూపిస్తుంది. సెల్లు నీరసించాక కూడా రవ్వ వస్తుంది గానీ సోలినాయిడ్‌ని తెరిచి పట్టుకునే బలం ఉండదు. అందుకే టిక్ టిక్ వినబడింది కాబట్టి సెల్లు బాగానే ఉన్నాయనుకోవద్దు. ఆల్కలైన్ సెల్లు వేస్తే ఎక్కువ కాలం వస్తాయి. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేయకూడదు. సెల్లు పెట్టే డబ్బాలో స్ప్రింగుకి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, బాత్‌రూమ్ తడికి అది మామూలే. గీకి తుడిచేయండి.

సెల్లు మార్చినా అంతే అయితే సెన్సర్ పిన్ను చూడాలి. రెగ్యులేటర్ కట్టేసి, సెల్లు తీసేసి, గీజర్ చల్లారాక ముందువైపు కవరు విప్పండి. సెల్లు తీయడం తప్పనిసరి. రవ్వ పిన్ను దగ్గర వచ్చేది వేల వోల్టులు, చెయ్యి తగిలితే గట్టిగా కొడుతుంది. బర్నర్ ముందు తెల్ల పింగాణీ తొడుగులతో రెండు పిన్నులు కనబడతాయి. లావుపాటి వైరు వచ్చేది రవ్వ పిన్ను, సన్నటి వైరుది సెన్సర్. మంట గుండా మైక్రో ఆంపియర్లంత కరెంటు పారితేనే మంట ఉందని బాక్సుకి తెలుస్తుంది. పిన్ను మీద మసి గానీ తెల్లటి పొర గానీ ఉంటే అదీ పారదు. జీరో నంబరు గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా మెల్లగా రుద్దండి. పింగాణీ చిట్లిందేమో, వైరు మొదట్లో వదులైందేమో చూడండి. పిన్ను చివర మంటలో మునిగి ఉండాలి, వంగి పక్కకి పోయుంటే సరిచేయండి. రవ్వ పిన్నుకీ బర్నర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు చాలు. ఈ పనికి అరగంట పట్టదు. మీలాంటి సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతాయి.

అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాలు వెలిగి ఆరిపోతుంటే కథ వేరు. ఒకటి, వేడి ఎక్కువైతే కట్టేసే స్విచ్ పడుతోంది. పై అంతస్తులో నీళ్ల ధార సన్నం, దానికి తోడు బోరు నీళ్లకి గొట్టాల్లో తెల్లగా పేరుకునే గార. సన్న ధారకి పూర్తి మంట పెడితే నీళ్లు సలసలా కాగి స్విచ్ గ్యాస్ కట్టేస్తుంది. మంట తగ్గించండి, వింటర్ మోడ్ ఉంటే సమ్మర్‌కి మార్చండి, నీళ్ల నాబ్ పూర్తిగా తెరవండి, షవర్ తీసేసి నేరుగా బకెట్‌లోకి పట్టి చూడండి. అప్పుడు ఆరకపోతే మీ సమస్య ధార.

రెండు, గ్యాస్ చాలట్లేదు. 6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకి కిలో దాకా గ్యాస్ తాగుతుంది, పొయ్యి మీద పెద్ద బర్నర్‌కి నాలుగైదు రెట్లు. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండర్ నిరంతరంగా వాడితే 15 గంటలకి అటూ ఇటూ. చలికాలం తెల్లవారుజామున, అదీ అడుగంటిన సిలిండర్ అయితే, ద్రవం అంత జోరుగా ఆవిరి కాలేదు. సిలిండర్ ఒంటికి చెమట పడుతుంది, మంట చిన్నదవుతుంది. ఒకే రెగ్యులేటర్ మీద పొయ్యి కూడా ఉంటే దాన్ని వెలిగించి చూడండి. గీజర్ అంటుకోగానే పొయ్యి మంట కుంగితే గ్యాస్ చాలట్లేదని ఖాయం. గీజర్‌కి వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ పెట్టడం మేలు. గ్యాస్ రావట్లేదని సిలిండర్ మీద వేడినీళ్లు పోయడం, వేడినీళ్ల టబ్బులో నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. లోపలి ఒత్తిడి ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

సరిగ్గా 20 నిమిషాలకి ఆరిపోతే అది జబ్బు కాదు, రక్షణ కోసం పెట్టిన టైమర్. నల్లా కట్టి మళ్లీ తిప్పితే వెలుగుతుంది.

అసలు టిక్ టిక్ అనే శబ్దమే రాని గీజర్‌కి మొదటి మెట్టు దగ్గరే అడ్డంకి ఉంది. ట్యాంకు అడుగు నుంచి గీజర్ దాకా ఒక్కో మీటరు ఎత్తుకి 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మోడళ్లకి 0.2 నుంచి 0.3 బార్ అయినా కావాలి. కింది అంతస్తుల్లో బాగా పనిచేసే అదే మోడల్ పై అంతస్తులో మొండికేయడానికి కారణం ఇదే. చల్లనీళ్లు లోపలికొచ్చే చోట సన్నటి జాలీ ఉంటుంది, బోరు ఇసుకకి అది మూసుకుపోతుంది. నట్టు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పెట్టేయండి. ధార బాగానే ఉన్నా చడీచప్పుడు లేకపోతే డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. నీళ్లు కట్టేసి, నల్లా తిప్పి మిగిలినవి ఒంపేశాక వాటర్ వాల్వ్ స్క్రూలు విప్పి రబ్బరు బయటికి తీయండి. లైటుకి ఎదురుగా పట్టి వేళ్లతో సాగదీస్తే సూదిమొనంత చిల్లు కూడా కనబడుతుంది. ఆ చిన్న చిల్లు చాలు, రెండు పక్కలా ఒత్తిడి సమానమైపోయి సూది కదలదు. సైజుల్లో తేడాలుంటాయి, కొత్తది కొనేటప్పుడు పాతది చేతబట్టుకెళ్లండి. బిగించేటప్పుడు ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా తిప్పండి. సూదికి కొబ్బరినూనె రాయకండి, రబ్బరు పాడవుతుంది. సిలికాన్ గ్రీజు చాలు.

నల్లా కట్టేసినా మంట ఆగకపోతే వెంటనే రెగ్యులేటర్ కట్టేయండి. సూది గానీ మైక్రో స్విచ్ గానీ ఇరుక్కుంది. బాగయ్యేదాకా దాన్ని వెలిగించొద్దు. అలాగే వెలిగేటప్పుడు "డబ్" మని చప్పుడొస్తే రవ్వ ఆలస్యమై గ్యాస్ పోగవుతోందన్నమాట. సెల్లు, రవ్వ పిన్ను సందు, బర్నర్ రంధ్రాలు చూడండి. రంధ్రాల్లో దుమ్ము, సాలెగూళ్లు మెత్తటి బ్రష్‌తో దులపాలి. జెట్‌లో, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నటి రంధ్రంలో, పిన్నీసు గుచ్చకండి, రంధ్రం పెద్దదైతే మంట ఇక ఎప్పటికీ కుదరదు.

మంట రంగు గురించి మాత్రం బతిమాలి చెప్తున్నాను. నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా నాలుకలు సాచి, పైన గొట్టాల దగ్గర మసి పడుతుంటే గాలి చాలట్లేదు, గ్యాస్ సగం కాలుతోంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపు గడియ పెట్టుకుని స్నానం చేస్తున్న మనిషికి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అనిపించేలోపే కాళ్లలో సత్తువ పోతుంది, గడియ తీయలేరు. అందుకే గీజర్ బాత్‌రూమ్ లోపల కాక యుటిలిటీ బాల్కనీ గోడకి ఉండాలి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. వేరే దారి లేక లోపలే ఉన్నవాళ్లు ముందు బకెట్లు నింపుకుని, గ్యాస్ కట్టేసి, తలుపు తీసి గాలి ఆడాక స్నానం చేయండి. చలేస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టొద్దు. ఎవరైనా లోపల పడిపోతే తలుపు పగలగొట్టి, గ్యాస్ కట్టి, బయటి గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకు వాసన వస్తే 1906. లీకు ఎక్కడో వెతకడానికి సబ్బు నురగే వాడాలి, అగ్గిపుల్ల కాదు. ఐఎస్‌ఐ మార్కు ఉన్న సురక్ష గొట్టమే వాడండి, అయిదేళ్లు నిండితే మార్చేయండి.

ఇక గార. బోరు నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి రాగి గొట్టాల లోపల తెల్లగా పేరుకుంటాయి. ధార సన్నబడుతుంది, వేడి నీళ్లలోకి దిగదు, గొట్టం కుతకుతమంటుంది. విప్పకుండానే తీయొచ్చు. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 250 గ్రాములు కొని 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. రెగ్యులేటర్ కట్టేయండి, సెల్లు తీసేయండి. ఇది మరిచిపోతే మోటారు ధారకే గీజర్ రవ్వలు రాల్చడం మొదలుపెట్టొచ్చు. చల్లనీళ్ల వాల్వ్ కట్టి రెండు పైపులూ విప్పండి. ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న నీళ్ల మోటారుని బకెట్‌లో ముంచి, దాని గొట్టాన్ని గీజర్ వేడినీళ్ల వైపు బిగించండి, చల్లనీళ్ల వైపు నుంచి ఇంకో గొట్టం తిరిగి బకెట్‌లోకి. ఆ మోటార్లు ఎక్కువ ఎత్తుకి తోయలేవు, బకెట్‌ని స్టూలు మీద పెట్టండి. 45 నిమిషాలు తిప్పండి. మొదట నురగలొస్తాయి, కాల్షియం కరుగుతున్నప్పుడు వచ్చే బుడగలవి. బుడగలు ఆగిపోతే పని అయినట్టే. తర్వాత మంచినీళ్లతో 10 నిమిషాలు కడిగేయండి. గంటకి మించి ఉంచొద్దు, రబ్బరుకి మంచిది కాదు. బాత్‌రూమ్ నేల కడిగే యాసిడ్ అసలే వద్దు, అది గారతో పాటు రాగినీ అతుకులనీ తినేస్తుంది.

మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇంటికి ఏడాదికోసారి సరిపోతుంది, మీ బోరుకి ఆరు నెలలకోసారి చేయండి. ఇంకో అలవాటు కూడా పెట్టుకోండి: స్నానం అయ్యాక ముందు గ్యాస్ కట్టి, పది పదిహేను సెకన్లు చల్లనీళ్లు పారనిచ్చి అప్పుడు నల్లా కట్టండి. గొట్టంలో నిలిచిన నీళ్లు మిగిలిన వేడికి కాగవు, గార పట్టడం బాగా తగ్గుతుంది.

పల్స్ బాక్సు సంగతి. దాన్ని తప్పుపట్టేముందు మైక్రో స్విచ్ చూడండి. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెడితే, నీళ్లు పారుతున్నప్పుడు ఒకలా, ఆపితే ఇంకోలా చూపించాలి. రెండుసార్లూ ఒకేలా ఉంటే స్విచ్ ఒక్కటే మార్చండి, చిన్న ఖర్చు. స్విచ్ బాగుంది, సెల్లు కొత్తవి, సెన్సర్ పిన్ను మెరుస్తోంది, వైరు గట్టిగా ఉంది, నీలం మంట పిన్నుని కప్పుతోంది, అయినా 5-10 సెకన్లకే ఆరుతోంది: అప్పుడు మెకానిక్ మాట నిజం, బాక్సు మార్చండి. సెట్ మొత్తం అక్కర్లేదు. పాతది దుకాణానికి తీసుకెళ్లి 3 వోల్టులదేనా, సోలినాయిడ్ కనెక్టర్‌కి అన్నే పిన్నులున్నాయా, సెన్సర్ వైరు విడిగా వస్తుందా, 20 నిమిషాల టైమర్ ఉందా అని పక్కన పెట్టి పోల్చుకోండి. టైమర్ లేని రకం చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు.