ఇరవై ఏళ్ల తర్వాత బాబాయిపై కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ఉద్యోగం. మాది తూర్పు గోదావరి జిల్లాలో ఒక పల్లె. 2001 నుంచి 2004 వరకు, అంటే నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచి, మా బాబాయి నన్ను లైంగికంగా హింసించాడు. పదో తరగతిలో అమ్మకు చెబితే, 'బయట అనకు, పరువు పోతుంది' అంది. ఏడాదిగా సైకియాట్రిస్ట్ దగ్గర మందులు, కౌన్సెలింగ్ తీసుకుంటున్నాను. ఈమధ్యే కాస్త నిద్ర పడుతోంది. మొన్న ఊరెళ్తే మా తమ్ముడి ఏడేళ్ల పాప ఆయన ఒళ్లో కూర్చుని ఉంది. ఆ రాత్రంతా వణికిపోయాను. ఇప్పుడు కేసు పెట్టొచ్చా? కౌన్సెలింగ్ సంగతి తెలిస్తే కోర్టులో పిచ్చిదాన్నంటారా?

జవాబు: కేసు పెట్టొచ్చమ్మా. కానీ ముందు పాప సంగతి. మీ తమ్ముడికి, మరదలికి ఈ విషయం వెంటనే చెప్పండి. వివరాలన్నీ చెప్పక్కర్లేదు, 'నాకు చిన్నప్పుడు ఇలా జరిగింది, పాపను ఆయన దగ్గర ఒంటరిగా వదలకండి' అంటే చాలు. వాళ్లు పట్టించుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లలపై ఇలాంటి నేరం జరగొచ్చనే భయం ఉన్నా సమాచారం ఇవ్వాలని పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది.

మీ కేసుకు మాత్రం పోక్సో వర్తించదు. ఆ చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. నేరం జరిగిన రోజున ఏ చట్టం ఉందో దాని కిందే శిక్ష వేయాలని రాజ్యాంగం 20వ అధికరణం అంటోంది. పోక్సో కింద పెట్టిస్తానని ఎవరైనా లాయరు చెబితే ఫీజు ఇచ్చే ముందు ఇంకొకరిని అడగండి.

మీకు వర్తించేది పాత ఐపీసీ, అంటే భారత శిక్షాస్మృతి. జరిగినదాన్ని బట్టి 376 (అత్యాచారం), 377 (అసహజ లైంగిక చర్య), 354 (మహిళ గౌరవానికి భంగం కలిగించే దాడి) సెక్షన్లలో ఏది వస్తుందో తేలుతుంది. 'కేసుకు మూడేళ్ల గడువు దాటింది' అని స్టేషన్లో అనొచ్చు. ఆ గడువు మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకే. 376, 377 కింద యావజ్జీవం దాకా వేయొచ్చు కాబట్టి వాటికి గడువు లేదు. అయితే 2013 సవరణకు ముందు చట్టంలో అత్యాచారానికి అర్థం చాలా ఇరుకు. అందులోకి రాని చేష్టలు 354 కిందికి వెళ్లేవి. దేశంలో మిగతా చోట్ల దానికి అప్పట్లో రెండేళ్లే శిక్ష. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1991 సవరణతో ఐదు నుంచి ఏడేళ్లు చేశారు. అంటే దానికీ గడువు అడ్డురాదు. లాయర్లే తరచు మరిచిపోయే సంగతి ఇది, కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఊరికి వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లో మీ దగ్గరి స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ కట్టించుకోవచ్చు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా కట్టే ఎఫ్ఐఆర్. మహిళా అధికారి రాసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. కట్టనంటే పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి, అదీ కాకపోతే మేజిస్ట్రేట్. మీ పేరు ఎవరూ ఎక్కడా బయటపెట్టకూడదు. 376 కేసు విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. మీ ఆదాయం ఎంతైనా, మహిళ కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఇక సాక్ష్యం. వైద్య పరీక్ష ఎలాగూ ఉండదు. నమ్మదగ్గదైతే బాధితురాలి మాటొక్కటే చాలని, ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన కేసు కొట్టేయకూడదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆలస్యం ఎందుకైందో మీరు చెప్పాలి. అమ్మ అన్న మాట ఆ కారణమే. అమ్మ ఎప్పుడైనా వాట్సాప్‌లో 'అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్' లాంటిది పంపి ఉంటే డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. డైరీ, అప్పట్లో చెప్పుకున్న స్నేహితురాలు, వయసుకు స్కూలు సర్టిఫికెట్ — ఇవన్నీ పనికొస్తాయి.

కౌన్సెలింగ్ గురించి టెన్షన్ వద్దు. మానసిక వైద్యం తీసుకుంటే సాక్ష్యం చెల్లదనే రూలేమీ లేదు. అడిగిన ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే చాలు. మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చు గానీ, ఏడాది క్రితమే డాక్టరుకు చెప్పుకున్నారన్నది మీకే మేలు. అవతలి లాయరు మిమ్మల్ని పిచ్చిదని అనడా? అంటాడు. అదే అతని పని. అందుకే ఫిర్యాదుకు ముందు మీ డాక్టరుతో ఒకసారి కూర్చోండి. క్రాస్ ఎగ్జామినేషన్ (అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించడం) నాటికి ఆ నిద్ర నిలబడుతుందా అన్నది నాకంటే ఆయనకే తెలుస్తుంది. మందులు ఆపి కోర్టుకు తిరగొద్దు. రాత్రిపూట మనసు బాగోకపోతే 14416కి చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

శిక్ష పడుతుందని మాటివ్వలేను. ఇరవై ఏళ్ల నాటి సంగతి, చాలా ఏళ్లు తిరగాలి. ఇప్పుడు కాదనుకుంటే రెండేళ్లు ఆగొచ్చు, అసలు పెట్టకపోవచ్చు, అది మీ ఇష్టం. ఫేస్‌బుక్‌లో మాత్రం పేరు పెట్టి రాయకండి. పోలీసులకు మంచి ఉద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలో మినహాయింపు ఉంది, పోస్టుకు ఆ రక్షణ దొరకదు.

2001లో మీ బాబాయి వయసెంతో రాయలేదు. అప్పటికి ఆయనకు 18 నిండకపోతే ఆ నేరం మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది, దారి వేరవుతుంది. ఆయన వయసు తేలాలంటే పదో తరగతి ఏ ఏడు పాసయ్యారో ముందు కనుక్కోండి.