గ్రూపులో పదహారు మంది, అమ్మేది ముగ్గురే

(ఈ వారం పాఠకుల ప్రశ్నలన్నీ కొత్తగా టీమ్ లీడర్ అయినవాళ్ల నుంచే వచ్చాయి.)

ప్రశ్న: సబ్బులు, బట్టలుతికే లిక్విడ్, ఫేస్ క్రీములు అమ్మే ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో చేరి రెండేళ్లయింది. ఈమధ్యే నా కింద పదహారు మంది చేరారు. అందరూ ఆడవాళ్లే. కొర్లగుంట, బైరాగిపట్టెడ, తిరుచానూరు వైపు వాళ్లు. మొదటి మీటింగుకు అందరూ వచ్చి చప్పట్లు కొట్టారు. మూడు వారాలు దాటినా అమ్మింది ముగ్గురే. రోజూ పొద్దున్నే గ్రూపులో మంచి మాటలు పెడతా ఉన్నా, కంపెనీ వీడియోలు పంపిస్తా ఉన్నా. ఫోన్ చేస్తే "చేస్తాంలే అక్కా" అంటారు. వీళ్లలో ఉత్సాహం నింపేదెట్లా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉత్సాహం లేకనే అమ్మడం లేదని మీరు అనుకుంటున్నారు. చాలా టీముల్లో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. మొదటి రెండు వారాల్లో ఒక్క వస్తువూ అమ్ముడుపోదు, చేతికి ఒక్క రూపాయీ రాదు, దాంతో మనసు విరిగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని వీడియోలు పంపినా చూడరు. కాబట్టి ప్రస్తుతం మీ పని ఒక్కటే, ఒక్కొక్కరి చేత మొదటి అమ్మకం చేయించడం.

ముందు ఆ పదమూడు మందితో విడివిడిగా మాట్లాడండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. "ఎందుకు అమ్మలేదు?" అని అడిగితే సాకులే వస్తాయి. "ఇప్పటిదాకా ఎవరెవరిని అడిగినావు? వాళ్లేమన్నారు?" అని అడగండి. ఎవరినీ అడగలేదంటే సిగ్గో భయమో అడ్డుపడుతోంది. ఇద్దరిని అడిగి ఆగిపోయిందంటే ఆ "వద్దు" అన్న మాట గుచ్చుకుంది. పదిమందిని అడిగినా ఎవరూ కొనలేదంటే మాట్లాడే తీరులోనో, ఎంచుకున్న వస్తువులోనో లోపముంది. ఈ మూడు రకాలవాళ్లకూ కావలసిన మందు వేరు వేరు. గ్రూపులో అందరికీ ఒకే మాట పెడితే ఒక్కరికీ పట్టదు.

అదే ఫోన్లో ఇంకొకటి అడగండి: "నెలకు ఎంత వస్తే నీకు పనికొస్తుంది?" చీటీ కట్టడానికి రెండు వేలు అని ఒకరంటారు, పిల్లోడి ట్యూషన్ ఫీజు అని ఇంకొకరంటారు. "ఇంటికి తక్కువ ధరకు వస్తాయని చేరినా" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లు మీ కస్టమర్లు, టీమ్ కాదు. వాళ్లను వేరే గ్రూపులోకి మార్చి, నెలకోసారి ఆర్డరు తీసుకుని వదిలేయండి. అమ్మమని వెంటపడితే ఉన్న కొనుగోలూ పోతుంది.

మిగిలినవాళ్లలో మొదట నలుగురిని తీసుకోండి. అందరినీ ఒకేసారి లేపాలని చూడటమే కొత్త లీడర్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఆ నలుగురికి రెండు వారాలు కేటాయించండి.

ఒక్కొక్కరితో ఇరవై పేర్లు రాయించండి. చుట్టాలతో మొదలుపెడతారు, అక్కడ ఆపి పక్కవీధి, పిల్లల స్కూలు గేటు దగ్గర కలిసేవాళ్లు, పొదుపు సంఘం సభ్యులు, బ్లౌజులు కుట్టే ఆమె అని మీరే గుర్తుచేయండి. అమ్మడానికి ఒకే వస్తువు ఎంచుకోండి. మీ సరుకులో అయితే బట్టల లిక్విడ్. ఫేస్ క్రీము వద్దు. దాని ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది, ఎవరికైనా ముఖం మండితే కొత్త అమ్మాయి అక్కడితో మానేస్తుంది. లిక్విడ్ మంచీ చెడూ మొదటి ఉతుకులోనే తేలిపోతుంది, నెలకల్లా అయిపోయి మళ్లీ అడుగుతారు.

అడిగే మాట రెండు వాక్యాలు దాటకూడదు. "వదినా, ఈ లిక్విడ్ నేను అమ్ముతున్నా, రెండు ఉతుకులకు సరిపడా శాంపిల్ ఇస్తా. వాడి చూసి శనివారం చెప్తావా?" దీన్ని ఫోన్లో వాళ్ల చేత మీకు మూడుసార్లు పైకి చెప్పించుకోండి. నవ్వుతారు, సిగ్గుపడతారు. ఆ సిగ్గు మీ దగ్గరే తీరిపోవడం మంచిది.

ఆ తర్వాత వెంట వెళ్లండి. మొదటి రెండు ఇళ్లల్లో మీరు మాట్లాడండి, ఆమె చూస్తుంది. తర్వాతి రెండింట్లో ఆమె మాట్లాడాలి, మీరు నోరు విప్పకూడదు. ఆమె తడబడినప్పుడు మీరు అందుకుంటే అమ్మకం జరగవచ్చు గానీ, "అక్క ఉంటేనే నాకు అవుతుంది" అని ఆమెకు ఖాయమైపోతుంది. ఐదో ఇంటికి ఒంటరిగా పంపి మీరు వీధి చివర ఉండండి. ఒక్కో ఇంటి తర్వాత బాగా చేసింది ఒకటి, మార్చుకోవలసింది ఒకటి చెప్పండి. మార్చుకోవలసినవి నాలుగు చెప్తే ఒక్కటీ గుర్తుండదు.

వేళ కూడా చూసుకోవాలి. పిల్లలు స్కూలుకు పోయాక పదిన్నర నుంచి పన్నెండున్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడు. మే నెల తిరుపతి ఎండలో మధ్యాహ్నం ఎవరి తలుపూ తట్టొద్దు. మంగళ, శుక్రవారాల్లో చాలా ఇళ్లల్లో డబ్బు బయటికివ్వరు, అందుకని ఆ రోజుల్లో శాంపిళ్లు మాత్రం ఇచ్చి రమ్మనండి. డబ్బు వసూలు నెల మొదటి వారంలో పెట్టుకోండి. ఇంకొక సంగతి: 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా కస్టమర్ ఇంటికి వెళ్లకూడదు. కొత్తవాళ్లకు ఇది మేలే. ఫోన్ చేసి, రమ్మన్నాక వెళ్తే తలుపు దగ్గర మొహం చాటేసేవాళ్లు తగ్గుతారు.

లెక్క ముందే చెప్పండి. ఒక బాటిల్ మీద నలభై రూపాయలు మిగులుతుందనుకుంటే, నెలకు రెండు వేలకు యాభై బాటిళ్లు అమ్మాలి. ఈ సంఖ్య చెప్తే భయపడతారని దాచే లీడర్లు ఉన్నారు. దాస్తే నెలాఖరున ఎనిమిది బాటిళ్లకు 320 రూపాయలు చూసి, మోసపోయామనుకుని వెళ్లిపోతారు. యాభైలో చాలావరకు పాత కస్టమర్ల నుంచే రావాలని, అందుకు మూడు నాలుగు నెలలు పడుతుందని చెప్పండి. ప్రతి కస్టమర్ పేరు పక్కన కొన్న తేదీ రాయించి, ఇరవై ఐదో రోజున ఫోన్ చేయించండి. చాలామంది మంచి అమ్మకందార్లు ఈ ఒక్క నోటుబుక్కు లేకనే దెబ్బతింటారు.

ఇక గ్రూపు. పొద్దుటి మంచి మాటలు ఆపేయండి, ఎవరికీ ఏ లోటూ రాదు. రాత్రి ఎనిమిదికి ఒక్కొక్కరూ మూడు అంకెలు పెట్టాలి: ఎంతమందిని అడిగారు, ఎన్ని శాంపిళ్లు ఇచ్చారు, ఎన్ని అమ్మారు. మెచ్చుకోవడం మొదటి అంకెను చూసి చేయండి. అడగటం ఆమె చేతిలో ఉంది, కొనడం అవతలివాళ్ల చేతిలో ఉంది. సున్నా పెట్టినవాళ్లను గ్రూపులో ఒక్క మాట కూడా అనవద్దు, మర్నాడు విడిగా ఫోన్ చేయండి.

ప్రశ్న: వాటర్ ప్యూరిఫయర్లు ఇంటింటికీ తిరిగి అమ్మే డీలర్ దగ్గర పనిచేస్తున్నా. పోయిన నెల నన్ను ఆరుగురికి టీమ్ లీడర్‌ను చేశారు. పది రోజులకే ఇద్దరు మానేశారు. మిగతావాళ్లలో ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. గట్టిగా మాట్లాడితే పోతారని భయం, మాట్లాడకుంటే టీ అంగడి దగ్గరే పొద్దు పోగొడతారు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మానేసిన ఇద్దరి గురించి ముందు ఒకటి ఆరా తీయండి. వాళ్లకు పెట్రోలు డబ్బు ఎప్పుడిచ్చారు? జీతం నెలాఖరుకు, పెట్రోలు మొదటి రోజు నుంచే సొంత జేబులోంచి అయితే, పదో రోజుకు జేబు ఖాళీ అవుతుంది. పైకి "ఈ పని నాకు సరిపడదన్నా" అంటారు. డీలరుతో మాట్లాడి పెట్రోలు ప్రతి శనివారం చేతికిచ్చే ఏర్పాటు చేయించండి. లీడరుగా మీరు సాధించే మొదటి పని ఇదే అయితే, టీమ్ మిమ్మల్ని చూసే చూపు మారుతుంది.

మొదటి రెండు వారాలు అమ్మకం టార్గెట్ పెట్టకండి. రోజుకు మూడు డెమోలు, అంతే. మొదటి వారం ఇద్దరిద్దరిని జతగా పంపండి. కొంగారెడ్డిపల్లెలో ఒక జత, గ్రీమ్స్‌పేటలో ఒక జత అని ఏ వీధి ఎవరిదో పొద్దున్నే రాసివ్వండి. "ఎక్కడికైనా పోయి తిరగండి" అంటే కాళ్లు నేరుగా టీ అంగడికే పోతాయి. పొద్దున నిలబడే పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టి, ఒక్క అభ్యంతరం మీద సాధన చేయించండి. "మా ఆయన్ని అడిగి చెప్తా" అన్నప్పుడు ఏం చెప్పాలన్నది ఒక రోజు పాఠం. దానికి జవాబు బతిమాలడం కాదు. "ఆయన ఇంట్లో ఉండే టైం చెప్పండమ్మా, అప్పుడొచ్చి ఇద్దరికీ చూపిస్తా" అని వేళ ఖాయం చేసుకోవాలి.

టీ అంగడికి వెళ్లి పట్టుకోవడం మీ స్థాయి తగ్గిస్తుంది. సాయంత్రం డెమో షీటులో కస్టమర్ పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, వాటిలో రెండింటికి మీరే ఫోన్ చేసి "మా అబ్బాయి సరిగ్గా చూపించాడామ్మా?" అని అడగండి. వారం తిరక్కుండా దొంగ డెమోలు ఆగిపోతాయి.

పెద్దాయన సంగతి. నలుగురిలో "అన్నా" అనే పిలవండి. ఆయన చేతికి ఒక బాధ్యత ఇవ్వండి, ఉదాహరణకు ధర దగ్గర ఆగిపోయిన కేసులు ఆయన చూడాలి. తప్పు చెప్పవలసి వస్తే ఒంటరిగా, అదే రోజు చెప్పండి. వారం దాచుకుని చెప్తే కక్ష పెట్టుకున్నట్టుంటుంది.

కుర్రాళ్లు ఈ లైనులో నిలబడకపోవడానికి ఇంకో కారణం డెమో కిట్లోనే ఉంటుంది. నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే కుళాయి నీళ్లు ఎర్రగా మారతాయి, ఆర్వో నీళ్లు తేటగా ఉంటాయి. దాన్ని చూపించి "మీరు తాగే మురికి ఇదే" అని చెప్పిస్తారు. ఆ ఎరుపు కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా మారడం వల్ల వచ్చింది. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కనుక అలా అవుతుంది, ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ గనక అవ్వదు. సైన్సు చదివిన కుర్రాడికి ఇది తెలుసు. రోజూ అబద్ధం చూపించి అమ్మమంటే వాడు నిలబడడు. ఏదో ఒక ఇంట్లో పదో తరగతి పిల్లే బయటపెట్టేస్తుంది. ఆ కిట్ పక్కన పెట్టించి, నీళ్లలో కరిగి ఉన్న లవణాలను (టీడీఎస్) కొలిచే టీడీఎస్ మీటర్ ఇవ్వండి. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే నీళ్లు దొరకనిచోట 2,000 వరకు అనుమతి ఉంది. మీటరులో 250 చూపిస్తే లవణాల వరకైతే ఆర్వో అవసరం లేదు, క్రిములను చంపే యూవీ మోడల్ చాలని చెప్పమనండి. మీటర్ క్రిములను చూపించదని కూడా చెప్పించండి. తక్కువ ధర మోడల్ అమ్మినా ఆ ఇంటి మాట మీద పక్కింట్లో తలుపు తెరుచుకుంటుంది.

చుట్టుపక్కల పల్లెలకు పంపేటప్పుడు పాల బిల్లులు వచ్చే రోజులు కనుక్కుని పంపండి. తోతాపురి మామిడి కోతల కాలంలో ఆర్డర్లు బాగానే వస్తాయి. కానీ కాయలు కొన్న గుజ్జు ఫ్యాక్టరీ నుంచి డబ్బు రైతు చేతికి ఆలస్యంగా రావచ్చు. అడ్వాన్సు లేకుండా ఆర్డరు లెక్కలో వేయించకండి. అలాంటి ఆర్డర్లు రద్దయితే కమీషన్ వెనక్కి తీసుకుంటారు, కుర్రాడు అక్కడే మానేస్తాడు.

ప్రశ్న: ఎక్కువ అమ్మినవాళ్లకు నా సొంత డబ్బుతో చీరలు పెడుతున్నా. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఆపేయండి. మూడో నెల పెట్టలేకపోతే అది శిక్షలా అనిపిస్తుంది, పైగా ప్రతి నెలా అదే ఇద్దరు తీసుకుంటారు. ఇవ్వాలనిపిస్తే శాంపిళ్ల డబ్బా ఇవ్వండి. అది కూడా, పోయిన వారం కంటే ఈ వారం ఎక్కువమందిని అడిగినవాళ్లకు.

ప్రశ్న: మా మేనత్త నా టీములో చేరింది. పై ర్యాంకు వస్తుందని మా అప్‌లైన్ (కంపెనీలో నాకు పైన ఉండే లీడర్) చెప్తే, పొదుపు సంఘంలో లోను తీసుకుని 18,000 రూపాయల స్టాకు కొనేసింది. మూడొంతులు అట్లే ఉంది. ఇప్పుడు "ఇంకొంచెం కొంటే ర్యాంకు దాటుతావు" అంటున్నారు. అత్త నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. ఆమెను మళ్లీ ఉత్సాహపరచడమెలా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఇప్పుడు ఉత్సాహం మాట ఎత్తకండి. ముందు "ఇంక ఒక్క రూపాయి పెట్టొద్దత్తా" అని మీరే చెప్పండి, అప్‌లైన్‌కు కూడా చెప్పండి. కస్టమర్ లేని కొనుగోలుతో వచ్చే ర్యాంకు అప్పు మాత్రమే తెస్తుంది. మనుషులను చేర్పించడం మీదే ఆదాయం నడిచే పిరమిడ్ పథకాలను పైన చెప్పిన 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. మీ ప్లానులో డబ్బు అమ్మకం నుంచి వస్తోందా, చేరికల నుంచి వస్తోందా అన్నది ఈ సందర్భంలో మీరూ చూసుకోండి.

తర్వాత స్టాకు లెక్క రాయండి: సీలు తీయనివి ఎన్ని, ఎక్స్‌పైరీ ఎప్పుడు, బిల్లులు ఉన్నాయా. అత్త సంతకం పెట్టిన ఒప్పందం తెచ్చి, ఏ పెనాల్టీ లేకుండా తప్పుకోవడానికి ఎన్ని రోజుల గడువిచ్చారో, సరుకు వాపసు షరతులేమిటో చదవండి. గడువుంటే ఈరోజే ఈమెయిల్లో రాయండి, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. వినియోగదారుల ఫిర్యాదు అందిందని 48 పని గంటల్లో చెప్పాలి, మామూలుగా నెలలోపు తేల్చాలి. సభ్యురాలి స్టాకు దగ్గరికొచ్చేసరికి ఒప్పందంలోని షరతే ముందు చూస్తారు. ఎటూ తేలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో సలహా అడగండి.

వాపసు కానిదాన్ని ఎక్స్‌పైరీ దగ్గరపడినవి ముందుగా అమ్మించండి. మీరు వెంట వెళ్లండి. ఆ స్టాకులో పౌడర్లు, మాత్రలు ఉంటే "షుగర్ తగ్గిస్తుంది" అన్న మాట ఎవరి నోటా రానివ్వకండి. షుగర్ నయమవుతుందని మందును ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఫుడ్ సప్లిమెంటు అసలు మందే కాదు. ఆ మాట నమ్మి ఎవరైనా డాక్టరిచ్చిన మాత్రలు మానేస్తే జరిగే నష్టం 18,000తో పోయేది కాదు.

లోను కిస్తీ మీరు కట్టేస్తానని మాత్రం ఒప్పుకోకండి, చుట్టరికంలో అది కొత్త బాకీ అవుతుంది. ఇకపై టీములో ఎవరికైనా ఒకటే కట్టుబాటు పెట్టండి: చేతిలో ఉన్న ఆర్డర్లకు మించి రెండు వారాల సరుకు కంటే ఎక్కువ కొనకూడదు. అత్త స్టాకు సంగతి తేలేదాకా ఆమెకు ఏ టార్గెట్టూ చెప్పకండి, మీటింగుకూ పిలవకండి.